పాత పింగాణీ కప్పులు: నెర్రెలు, మరకలు, పెచ్చులు ఉన్నవాటిలో ఏవి వాడుకోవచ్చు?

మీరు అడిగింది ఒక్క ప్రశ్నలా ఉంది కానీ అందులో నాలుగైదు ప్రశ్నలున్నాయి. పెద్దవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన పాత సెట్టు. బంగారు అంచు. కప్పుల లోపల వల అల్లినట్టు సన్నటి గీతలు, వాటిలోకి దిగిన టీ మరకలు. ప్లేట్ల మీద పెన్సిల్‌తో గీసినట్టు బూడిదరంగు గీతలు. ఒక కప్పుకు అంచు దగ్గర పెచ్చు లేచింది, ఇంకోదానికి పిడి ఊడింది. బ్లీచ్‌లో నానబెట్టనా, మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా, అతికించి మళ్లీ వాడుకోవచ్చా, పారేయడానికి మనసు రాకపోతే ఏం చేయాలి అని అడిగారు. ఇరవై ఏళ్లుగా సారె మీద పాత్రలు చేస్తున్నాను, విరిగినవాటిని బాగుచేయడమూ నా పనే. నా చేతుల్లో పాడైనవి కూడా తక్కువేం కాదు, కింద చెప్పేదాంట్లో సగం అలా నేర్చుకున్నదే.

ముందుగా ఆ బ్లీచ్ సీసా మూత పెట్టేసి పక్కన పెట్టండి. కారణం మరకల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

పింగాణీ అని మనం అన్నింటినీ ఒకే మాటతో పిలిచేస్తాం గానీ, ఏ కప్పైనా రెండు పొరలు. లోపల కాల్చిన మట్టి, పైన గ్లేజ్. గ్లేజ్ అంటే గాజే. సిలికా, అల్యూమినా, వాటిని కరిగించే మరికొన్ని ఖనిజాలు కలిపి పొడి చేసి, నీళ్లలో కలిపి పూత పూసి, బట్టీలో కరిగిస్తే అది మట్టిని అంటిపెట్టుకుని గాజు పొరలా గట్టిపడుతుంది. మీరు తాగేది ఆ గాజులోంచి, మట్టిలోంచి కాదు. కాబట్టి ఏ కప్పు చేతిలోకి తీసుకున్నా రెండు సంగతులు తేల్చుకోవాలి: ఆ గాజు పొర చెక్కుచెదరకుండా ఉందా, అది దేనితో చేసింది?

కింద ఉన్న మట్టి ఏ రకమో కూడా తెలియాలి. ఎర్తెన్‌వేర్ సుమారు 1000 నుంచి 1150 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుతుంది, దాని ఒళ్లంతా కంటికి కనిపించని రంధ్రాలే, స్పాంజిలా నీళ్లు పీలుస్తుంది. స్టోన్‌వేర్ 1200 నుంచి 1300 మధ్య కాలి బాగా గట్టిపడుతుంది. పోర్సిలేన్ ఇంకా పైకి వెళ్లి లోపలి మట్టే దాదాపు గాజుగా మారిపోతుంది, నీటిని అర శాతం కూడా పీల్చదు. బోన్ చైనా అంటారే, అది ఎముకల బూడిద కలిపిన మట్టి. 1790ల్లో ఇంగ్లండ్‌లోని స్టోక్‌లో జోసయా స్పోడ్ దాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు. సన్నగా ఉంటుంది, వెలుతురుకి అడ్డం పెడితే అవతల వేళ్ల నీడ కనిపిస్తుంది, చూడ్డానికి సుకుమారం గానీ లావుపాటి ఎర్తెన్‌వేర్ మగ్గు కంటే గట్టిది.

మీ సెట్టు ఏ రకమో తెలుసుకోవడానికి వంటింటి త్రాసు చాలు. కప్పును రెండు రోజులు ఎండలో బాగా ఆరనిచ్చి తూచండి. ఒక రోజంతా నీళ్లలో ముంచి ఉంచి, తీసి, తుడిచి మళ్లీ తూచండి. 300 గ్రాముల కప్పు 1 గ్రాము కూడా పెరగకపోతే పోర్సిలేన్ లాంటి గట్టి సరుకు. 15 గ్రాములు పెరిగిందంటే 5 శాతం నీళ్లు తాగిందన్నమాట. అది ఎర్తెన్‌వేర్, పైగా నెర్రెల్లోంచో గ్లేజ్ లేని అడుగులోంచో నీళ్లు లోపలికి పోతున్నాయి.

ఇక మీరు చెప్పిన వలలాంటి గీతల సంగతి. అవి గ్లేజ్ నెర్రెలు. బట్టీలోంచి తీశాక కప్పు చల్లారేటప్పుడు మట్టీ, గ్లేజూ రెండూ కుంచించుకుపోతాయి. గ్లేజ్ ఎక్కువ కుంచించుకుపోయేదైతే, బిగుతు చొక్కా కుట్లు పిగిలినట్టు అక్కడక్కడా చిట్లుతుంది. ఒక్కోసారి ఇది బట్టీ దింపిన రోజే కనిపించదు. ఎర్తెన్‌వేర్ ఏళ్ల తరబడి గాలిలోని తేమను పీలుస్తూ కొద్దికొద్దిగా ఉబ్బుతుంది, పైనున్న గాజు సాగలేదు, చిట్లుతుంది. పదేళ్లు శుభ్రంగా ఉన్న కప్పుకు ఉన్నట్టుండి గీతలు ఎందుకొచ్చాయని చాలామంది అడుగుతుంటారు, జవాబు ఇదే. చైనాలో సోంగ్ వంశపు కాలం కుమ్మరులు ఈ లోపాన్నే అందంగా మలిచి, కావాలని నెర్రెలు రప్పించి వాటిలోకి రంగు దించేవారు. అవి చూసి మురిసిపోవడానికి చాలా బాగుంటాయి.

తాగడానికి మాత్రం లెక్క వేరు. పోర్సిలేన్ మీద నెర్రెలు వస్తే కింద మట్టి నీళ్లు పీల్చదు కాబట్టి పెద్ద నష్టం లేదు, కడిగి ఆరబెట్టి వాడుకోవచ్చు. ఎర్తెన్‌వేర్ మీద వస్తే ఆ గీతల్లోంచి టీ, పాలు, నూనె మట్టిలోకి దిగి అక్కడే ఉండిపోతాయి. సబ్బు అంత లోపలికి వెళ్లదు. ఆ కప్పును వేడి నీళ్లతో నింపి పది నిమిషాలాగి వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే ఇంక ఆలోచించాల్సింది లేదు, అది తినే, తాగే పాత్రల్లోంచి దిగిపోయినట్టే.

నెర్రెను బీటను ఒకటిగా చూడకండి. నెర్రె గ్లేజ్ వరకే. బీట మట్టిలోంచి ఇవతలి నుంచి అవతలికి పోతుంది. కప్పును అరచేతి మీద నిలబెట్టి అంచును గోటితో మీటండి. బాగున్నది ఖంగుమని మోగి కాసేపు నిలుస్తుంది. బీట ఉన్నది పగిలిన కుండ మోగినట్టు డబ్‌మని ఆగిపోతుంది. అనుమానంగా ఉంటే కప్పు నిండా నీళ్లు పోసి పొడి కాగితం మీద రాత్రంతా ఉంచండి, తెల్లారేసరికి కాగితమే చెబుతుంది. బీట ఉన్న కప్పులో వేడి పోయకండి. అది ఎప్పుడు రెండుగా విడిపోతుందో ముందే చెప్పదు, ఆ సమయంలో అది మీ చేతిలోనో ఒళ్లోనో ఉంటుంది.

ఇప్పుడు కంటికి కనిపించని విషయం, సీసం. ఈ ఒక్కటి మాత్రం నిదానంగా చదవండి. గ్లేజ్ తక్కువ వేడికే కరగాలన్నా, నున్నగా మెరవాలన్నా, రంగులు బాగా పలకాలన్నా పూర్వం సీసపు ఆక్సైడ్ కలిపేవారు. సరిగ్గా కలిపి సరిగ్గా కాల్చితే సీసం చాలావరకు గాజులోనే బంధించి ఉంటుంది. పాళ్లు తప్పినా, బట్టీ వేడి చాలకపోయినా, పులుపు తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికొస్తుంది. మెరిసే ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో కాడ్మియం అనే మరో విషలోహం కూడా ఉండొచ్చు. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ తెలిసినది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడు మీద దాని దెబ్బ మరీ ఎక్కువ. కెనడాలోని మాంట్రియల్‌లో, చేత్తో చేసిన మట్టి జగ్గులో నిల్వ ఉంచిన ఆపిల్ రసం తాగి ఒక పసివాడు సీసపు విషంతో చనిపోయాడు. 1970లో వైద్యులు దాన్ని ప్రచురించారు. ఆ జగ్గు చూడ్డానికి మామూలుగా మెరుస్తూ ఉండే జగ్గే. పుల్లటి రసం అందులో గంటల తరబడి నిలవ ఉండటమే ప్రాణం తీసింది.

అందుకే పరీక్షలు కూడా పులుపుతోనే చేస్తారు. పాత్రలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్‌లోని పులుపు అదే) పోసి 24 గంటలు ఉంచి, అందులోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ఎఫ్‌డీఏ పెట్టుకున్న హద్దు కప్పులకూ మగ్గులకూ మిల్లీలీటరుకు 0.5 మైక్రోగ్రాములు, ప్లేట్లకు 3 మైక్రోగ్రాములు. ప్లేటుకు అంత వెసులుబాటు ఎందుకంటే దాని మీద తిండి కాసేపే ఉంటుంది. కప్పులో ద్రవం నిలుస్తుంది, రోజుకు పదిసార్లు వాడతాం. జగ్గులకూ 0.5 మాత్రమే. బయటి వైపు అంచు నుంచి 20 మిల్లీమీటర్ల మేరకు ఉన్న అలంకరణను విడిగా పరీక్షించే పద్ధతి కూడా ఉంది, ఎందుకంటే పెదవులు తగిలేది అక్కడే. ఇది చదివాక మీ కప్పుల్లో బొమ్మలు ఎక్కడున్నాయో చూడండి. బయట కిందివైపు ఉంటే పరవాలేదు. లోపలో అంచు మీదో ఉండి, వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగిలి, అరిగిపోయి, పొడిపొడిగా కనిపిస్తే పానీయాలకు వద్దు.

సీసం ఉందో లేదో ఇంట్లో తేల్చే దారి నా దృష్టిలో లేదు. అంగట్లో దొరికే రంగు మారే పుల్లలను నమ్ముకోకండి, ఉన్నా లేదని చెప్పగలవు. నిమ్మచెక్కను గ్లేజ్ మీద రాత్రంతా ఉంచి చూడమని కుమ్మరులు చెప్పుకుంటాం. పొద్దున అక్కడ రంగు వెలిసినా మెరుపు పోయినా ఆ గ్లేజ్ బలహీనమైనదని ఖాయం. ఏ మార్పూ లేదంటే మాత్రం మంచిదని ఖాయం కాదు. నిజంగా తెలియాలంటే ప్రయోగశాలే గతి. అంత ఖర్చు ఎందుకనుకుంటే మీలాంటి పాత, రంగుల సెట్టుకు నేను చెప్పే దారి ఇది: పొడి పదార్థాలకు, అప్పుడప్పుడూ వడ్డనకు ప్లేట్లు వాడుకోండి. పులుపు గానీ వేడి పానీయాలు గానీ అందులో నిల్వ ఉంచొద్దు. చిన్నపిల్లలకూ గర్భిణులకూ ఇవ్వొద్దు. పెంపుడు జంతువుల గిన్నెగా మార్చేద్దామని కూడా అనుకోకండి, వాటికీ అదే సీసం.

మాటలో మాట, సీసం ఒక్కటే కాదు. అమెరికాలో 1936లో వచ్చిన ఫియెస్టా అనే సెట్లలో ఎరుపు రంగుకు రేడియోధార్మికత ఉన్న యురేనియం ఆక్సైడ్ వాడేవారు. 1943లో యుద్ధం కోసం యురేనియం మళ్లించడంతో ఆ రంగు ఆగిపోయింది, 1959లో మళ్లీ వచ్చింది. పాత కప్పు అందంగా ఉందని సేకరించే వాళ్లకు ఇలాంటి కబుర్లు తెలిసి ఉండటం మంచిది.

ఇక మరకలు. టీ, కాఫీల్లో వగరునిచ్చే టానిన్లు, నీళ్లలోని సున్నం కలిసి గ్లేజ్ మీద పొరలా పట్టేస్తాయి. నెర్రెలు లేని కప్పైతే వంటసోడాను తడిపి ముద్దలా చేసి మెత్తటి గుడ్డతో రుద్దండి, చాలావరకు పోతుంది. మొండి మరకైతే గోరువెచ్చటి నీళ్లలో సోడియం పెర్‌కార్బొనేట్ వేసి ఒక గంట నానబెట్టండి. దాన్ని ఆక్సిజన్ బ్లీచ్ అనే పేరుతో అమ్ముతారు, మామూలు బ్లీచ్‌తో పొరబడకండి. నెర్రెలున్నదానికి ఈ రెండూ కుదరవు, సోడా లోపలికి దిగి ఉండిపోతుంది. దానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ మంచిది. రెండు మూడు రోజులు నానబెట్టి, తర్వాత మంచినీళ్లు మారుస్తూ మరో రెండు రోజులు ఉంచితే అది నీరూ ఆక్సిజన్‌గా విడిపోతుంది, వెనక ఏమీ మిగలదు. మరక తేలికపడుతుందే గానీ మట్టిలోకి దిగిన నూనె పోదు, కాబట్టి ఈ పాట్లన్నీ అల్మరాలో పెట్టుకునే కప్పు కోసమే.

బ్లీచ్ ఎందుకు వద్దన్నానంటే, మొదట్లో నేనొక నెర్రెల ప్లేటును రాత్రంతా బ్లీచ్‌లో నానబెట్టాను. పొద్దున తెల్లగా మెరిసిపోయింది, గర్వంగా గోడకు తగిలించాను. నాలుగు నెలలకు గ్లేజ్ పొలుసులు పొలుసులుగా రాలడం మొదలైంది. బ్లీచ్ నెర్రెల్లోంచి మట్టిలోకి దిగి, ఆరాక ఉప్పు స్ఫటికాలై పెరిగి, గాజును కిందనుంచి పైకి లేపేసింది. మీ బంగారు అంచుకూ బ్లీచ్ పడదు. పైగా బ్లీచ్‌లో వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. వెనిగర్‌తో కడగడం కూడా అనుమానం ఉన్న పాత రంగుల కప్పులకు వద్దు. పులుపు ఏం చేస్తుందో పైన చెప్పానుగా.

ప్లేట్ల మీది బూడిద గీతలకు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకోండి. అవి గీతలే కావు. గ్లేజ్ స్టీలు చెంచా కంటే గట్టిది, చెంచా లోహమే అరిగి దాని మీద అంటుకుంది, పలక మీద బలపం గీత పడ్డట్టు. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న పాత్రల పొడితో, చేతికి తొడుగు వేసుకుని, తడిగుడ్డతో నెమ్మదిగా రుద్ది బాగా కడిగేస్తే పోతాయి. బంగారు అంచు మీదికి మాత్రం ఆ గుడ్డ పోనివ్వకండి. ఆ బంగారం మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు, పీచుతో నాలుగుసార్లు తోమితే చాలు, ఊడి వచ్చేస్తుంది.

బంగారు, వెండి గీత ఉన్నది ఏదైనా మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, నిప్పురవ్వలు వస్తాయి. అలాంటి గీత లేనివాటికి చిన్న పరీక్ష ఉంది. ఖాళీ కప్పును, దాని పక్కన ఇంకో కప్పులో నీళ్లను పెట్టి ఒక నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి ఖాళీ కప్పు చల్లగా ఉంటే మంచిదే. ఖాళీ కప్పు కాలిపోతూ ఉంటే అది లోపల నీళ్లు పీల్చుకుని ఉందని అర్థం. ఇది ఎర్తెన్‌వేర్‌లో తరచూ కనిపిస్తుంది. పిడి పట్టుకోగానే చెయ్యి కాలుతుంది, ఒక్కోసారి లోపలి ఆవిరికి కప్పే చిట్లుతుంది.

వేడి దెబ్బ గురించి ఒక్క మాట. మట్టి వేడిని నిదానంగా పారనిస్తుంది. చల్లటి కప్పులో మరిగే నీళ్లు పోస్తే లోపలి గోడ వెంటనే వ్యాకోచిస్తుంది, బయటి గోడకు ఇంకా కబురే అందదు. ఆ లాగులాటలో బీట పుడుతుంది. లావుపాటి మగ్గులకు ఈ బాధ ఎక్కువ. ముందు గోరువెచ్చటి నీళ్లతో తొలిచి పోయండి. ఫ్రిజ్‌లోంచి తీసింది నేరుగా ఓవెన్‌లోకి వెళ్లకూడదు, ఓవెన్‌లోంచి తీసింది తడి రాతి గట్టు మీద దిగకూడదు. ఆ రెండో తప్పుతో నేనే ఒక పెద్ద పళ్లెం పోగొట్టుకున్నాను, గట్టు మీద అరచెంచా నీళ్లు ఉన్నాయంతే.

డిష్‌వాషర్‌లో కేవలం తెల్లటివి, గ్లేజ్ కింద రంగులున్నవి వేయండి. ఏటవాలు వెలుతురులో పట్టి చూడండి. బొమ్మ గాజు అడుగున ఉన్నట్టు మొత్తం ఒకేలా మెరిస్తే గ్లేజ్ కింద రంగు. బొమ్మ దగ్గర మెరుపు మారితే అది పై రంగు, చేత్తోనే కడగాలి.

పెచ్చు లేచిన కప్పు విషయం. అంచు దగ్గరైతే పెదవి కోసుకుంటుంది, అక్కడ గ్లేజ్ పోయి మట్టి బయటపడింది కాబట్టి తడీ మురికీ దూరతాయి. సూపర్ గ్లూ, ఎపాక్సీ పూసి మళ్లీ టీ తాగుదామనుకోకండి, వేడికీ తేమకూ అవి మెత్తబడతాయి, ఆహారానికి తగినవని రాసి లేని జిగురును పెదవికి తగలనివ్వకూడదు. పిడిని అతికించడం ఇంకా ప్రమాదం. అతికించిన రోజు ఉక్కులా ఉంటుంది, నలభయ్యోసారి మరిగే కాఫీతో ఎత్తినప్పుడు చేతిలో పిడి మాత్రమే మిగులుతుంది. ఊడిన పిడి మచ్చలను తడి సిలికాన్ కార్బైడ్ గరుకు కాగితంతో నున్నగా చేసుకుని, పోర్సిలేన్ అయితే, చల్లటివాటికి పిడి లేని గ్లాసులా వాడుకోండి. రుద్దేటప్పుడు నీళ్లు తప్పనిసరి, పొడిగా రుద్దితే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఇక బయటికి రాదు.

విరిగినవాటిని బంగారు గీతలతో అతికించే కింట్సుగి గురించి చాలామంది అడుగుతారు. జపాన్‌లో అసలు పద్ధతిలో ఉరుషి అనే చెట్టు పాలతో అతికించి, చివరి పూత మీద బంగారు పొడి చల్లుతారు. ఉరుషి గాలి తేమలో వారాల తరబడి గట్టిపడుతుంది, పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. పూర్తిగా గట్టిపడ్డాక తినడానికి వాడేవారు, ఇప్పటికీ వాడతారు, మైక్రోవేవ్‌కు మాత్రం దూరం. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కిట్లలో ఎక్కువ భాగం ఎపాక్సీ, బంగారు రంగు పొడి. అందం అదే, పని వేరు. అవి షోకేసుకే. అలాగే మార్కర్లతో బొమ్మలు వేసి ఇంటి ఓవెన్‌లో కాల్చిన కప్పులు కూడా. 200 డిగ్రీల ఓవెన్ ఆ రంగును గాజులో కలపలేదు, కాబట్టి లోపలా అంచు మీదా వేయకండి.

ప్లేట్ల దొంతరలో ఒకదాని అడుగు ఇంకోదాని ముఖాన్ని గీరుతుంది. పాత్ర అడుగున గ్లేజ్ లేని వలయం ఉంటుంది చూడండి, అది గరుకు కాగితం లాంటిదే. మధ్యలో మెత్తటి గుడ్డో కాగితమో వేస్తే చాలు. కప్పులో కప్పు పెట్టడం రెండు దాటనివ్వకండి, లోపల ఇరుక్కుని అంచులు పెచ్చులేచేది ఎక్కువగా అక్కడే.

పారేయలేనివాటికి మొక్కలు చక్కటి దారి. అడుగున రంధ్రం కావాలంటే వజ్రపు పూత ఉన్న గొట్టంలాంటి డ్రిల్ బిట్‌తో, డ్రిల్‌లోని సుత్తి పోటు ఆపేసి, తక్కువ వేగంతో, నీళ్లు చిలకరిస్తూ వేయండి. నీళ్లున్నచోట తీగ లేని బ్యాటరీ డ్రిల్లే వాడండి. బిట్ జారకుండా టేపు అంటించి, మొదట కొంచెం వాల్చి మొదలుపెట్టి, గాడి పడ్డాక నిలువుగా ఎత్తండి. చివర్లో ఒత్తిడి తగ్గించకపోతే అవతలి వైపు పెచ్చు లేస్తుంది. సీసం అనుమానం ఉన్న కప్పులో తినే ఆకులు పెంచకండి. కుండీ అడుగున పెంకులు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని అంటారు, నిజానికి మట్టి పూర్తిగా తడిసేదాకా నీరు పెంకుల్లోకి దిగదు. రంధ్రం మీద మట్టి కారిపోకుండా ఒక్క పెంకు చాలు.

పూర్తిగా ముక్కలైనవాటిని మొజాయిక్‌కు వాడుకోవచ్చు. మెత్తగా దంచితే కుమ్మరులు కొత్త మట్టిలో కలుపుతారు, కాలేటప్పుడు పాత్ర వంకరపోకుండా ఆ పొడి ఆపుతుంది. రోమన్లు పెంకుల పొడిని సున్నంలో కలిపి నీళ్లు దిగని గచ్చు చేసేవారు. రోమ్ నగరంలో మోంతె తెస్తాచ్చో అని దాదాపు 35 మీటర్ల ఎత్తు గుట్ట ఉంది, అంతా పగలగొట్టిన నూనె జాడీల పెంకులే. మట్టిలోకి నూనె దిగి ముక్కిపోవడం వల్ల వాటిని మళ్లీ వాడలేక అక్కడ పోశారని చెబుతారు. మీ నెర్రెల కప్పుకున్న జబ్బే అది.

పెంకులను గాజు సీసాల డబ్బాలో మాత్రం వేయకండి. గాజు కరిగే కొలిమి వేడికి పింగాణీ కరగదు, కొత్త సీసాలో రాయిలా మిగిలి దాన్ని చిట్లగొడుతుంది. మందపాటి కాగితంలో రెండు మూడు చుట్లు చుట్టి, టేపు వేసి, పైన ‘పెంకులు, జాగ్రత్త’ అని రాసి మామూలు చెత్తలో వేయండి. ఆ సంచీ ఎత్తేవాళ్ల చేతులు తెగకుండా ఉంటాయి.